కణుపుకో ఊరు

బొజ్జయ్య చేతులు చూసినవాళ్లు మొదట అతనికేదో వణుకు జబ్బు ఉందనుకునేవాళ్లు. కూర్చున్నా, నిలబడ్డా, టీ తాగుతున్నా అతని బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల మీద మెల్లగా నడుస్తూనే ఉండేది. జబ్బూ కాదు, జపమూ కాదు. రేపు ఏ లారీ ఏ ఊరికి పోవాలో చూసుకుంటున్నాడన్నమాట.

చండ్రుగొండ దాటి రెండు కిలోమీటర్లు పోతే రోడ్డు పక్కన నిర్మలాదేవి కర్ర డిపో ఉండేది. ఆ చుట్టుపక్కల రైతులు జామాయిల్ తోటలు వేస్తారు. నాలుగేళ్లు పెంచి, నరికి, తొక్క వొలిచి లారీలకెత్తితే ఆ కర్ర సారపాక కాగితం మిల్లుకు పోతుంది. తోటకూ మిల్లుకూ నడుమ నిలబడి లారీలు నడిపించడమే డిపో పని. వినడానికి ఇంతే. చెయ్యబోతే తల ప్రాణం తోకకొస్తుంది.

ఊళ్లేమో ఇరవై నాలుగు. బొజ్జయ్య ఎడమ చేతి నాలుగు వేళ్లకూ మూడేసి కణుపులు, వెరసి పన్నెండు. అవి వాగు ఇవతలి ఊళ్లు. కుడి చేతి మీద వాగు అవతలివి. ఎడమ చిటికెనవేలి కింది కణుపు మద్దిగూడెం, నడిమి కణుపు కుంట తండా. ఉంగరపు వేలి నడిమి కణుపు ఎర్రబోడుగుంపు, అంటే బొజ్జయ్య సొంత ఊరు. బొటనవేలు ఒక కణుపు మీద ఆగిందంటే ఆ ఊరి సంగతులన్నీ అతని కళ్ల ముందుకొచ్చేవి. ఎవరి తోట కోతకొచ్చింది, ఏ దారి ఒక్క వానకే దిగబడుతుంది, ఏ రోజు సంత కాబట్టి ఎత్తే మనుషులు దొరకరు, అన్నీ. ఏ డ్రైవరుకు ఏ ఊళ్లో అత్తగారిల్లుందో కూడా ఆ కణుపులోనే ఉండేది. అత్తగారి ఊరికి పంపితే ఆ లారీ మర్నాటికి గానీ తిరిగిరాదని అతని అనుభవం.

అందుకే అందరూ అతన్ని వరుస బొజ్జయ్య అనేవాళ్లు. లారీల వరుస చెప్పేవాడని. అతను పొమ్మన్నాడంటే అక్కడ కర్ర ఉంటుంది, దారి ఉంటుంది, ఎత్తడానికి మనుషులు ఉంటారు. డ్రైవర్లు మారుమాట లేకుండా బండి తీసేవాళ్లు. ఓ పెంకుటిల్లు, రెండెకరాల చెలక, ఒక జత ఎడ్లు పోను యాభై ఒక్కేళ్లకు బొజ్జయ్య సంపాదించుకున్న ఆస్తి ఆ మాట ఒక్కటే. అది పోతే ఇంకేమీ లేదని అతనికి బాగా తెలుసు.

ఆ మాట మొదట నమ్మినవాడు బసవపున్నయ్య. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొని, తర్వాత డిపో పెట్టిన పెద్దమనిషి. ఇరవై ఏళ్ల కోయ కుర్రాడు బొజ్జయ్య ఆయన దగ్గర పనికి చేరినప్పుడు ఆయన కూతురు నిర్మలకు ఎనిమిదేళ్లు. సైకిలు ముందు కడ్డీ మీద ఆ పిల్లను కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోవడం బొజ్జయ్య పని. ఊరికే కూర్చునే రకమా ఆ పిల్ల? హ్యాండిలు పట్టుకున్న అతని వేళ్లు గిల్లుతూ ఇదేం ఊరు, ఇదేం ఊరు అని ప్రాణం తీసేది. అతను ఓపిగ్గా చెప్పేవాడు. పన్నెండో ఎక్కం రాకముందే ఆమెకు ఇరవై నాలుగు ఊళ్లూ కణుపుల మీద వచ్చేశాయి. పెద్దాయన పోయాక డిపో ఆమె చేతికొచ్చింది. అప్పటి నుంచి పాప అనడం మానేసి అమ్మా అనడం మొదలుపెట్టాడు. పిలుపు మారింది గానీ అందులోని ముద్దు మాత్రం మారలేదు.

అలాంటి డిపోలోకి 2009 వేసవిలో కంప్యూటరు ప్రోగ్రాం వచ్చిందంటే తప్పు నిర్మలాదేవిది కాదు. అంతకు ముందు ఏడు బొజ్జయ్యకు మలేరియా వచ్చి పది రోజులు మంచమెక్కాడు. ఆ పది రోజులూ లారీలు దారి తప్పిన మేకల్లా తిరిగాయి. ఒకే తోటకు మూడు పోయాయి, కోతకొచ్చిన తోటకు ఒక్కటీ పోలేదు. పైగా కల్లూరులో ఇంకో డిపో, సారపాకలో లారీల యార్డు పెట్టింది ఆమె. మూడు చోట్ల మనుషులు పొద్దస్తమానం ఒకరికొకరు ఫోన్లు చేసుకుని గొంతులు పోగొట్టుకుంటున్నారు. వ్యాపారమంతా ఒక మనిషి వేళ్ల మీద నడవడం ఆమెకు భయమనిపించింది. ఆ భయం న్యాయమైనదే.

హైదరాబాదు నుంచి అనిల్‌కుమార్ వచ్చాడు. పుట్టింది కొత్తగూడెం కాబట్టి ఇక్కడి మాట, ఇక్కడి ఎండ రెండూ ఎరిగినవాడు. వాళ్ల కంపెనీ ప్రోగ్రాములు అమ్మదట, నెలనెలా కిరాయికిస్తుందట. ప్రోగ్రాం డిపో కంప్యూటర్లో ఉండదట. ఎక్కడో దూరాన పెద్ద పెద్ద మిషన్లలో ఉంటుంది, దాన్నే క్లౌడ్ అంటారు, ఇక్కణ్నుంచి చూసుకుంటే చాలు అని చెప్పాడు. చండ్రుగొండలో చూసిందే కల్లూరులోనూ, సారపాకలోనూ కనిపిస్తుంది. నిర్మలాదేవి తలూపింది. బొజ్జయ్య మూలన స్టూలు మీద కూర్చుని అంతా విని ఒక్కటే అడిగాడు.

"కిరాయి ఇల్లు ఖాళీ చేసే రోజొకటి వస్తది గద బాబూ. గప్పుడు మన సామాను మనకిస్తరా?"

అనిల్ హైదరాబాదులో టై కట్టుకున్న పెద్దపెద్దవాళ్లకు ఇదే సరుకు చూపించాడు గానీ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదట. మీ వివరాలన్నీ మీకు తిరిగిచ్చేట్టు కాగితం రాసిస్తానన్నాడు, రాసిచ్చాడు కూడా. ఆ రోజు నుంచి అతనికి బొజ్జయ్య అంటే గౌరవం, బొజ్జయ్యకు అతనంటే ఇష్టం కలిగాయి.

తర్వాత ఎనిమిది రోజులు ఇద్దరూ మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగారు. కణుపు వెంట కణుపు బొజ్జయ్య చెబుతూ పోతే అనిల్ రాసుకుంటూ పోయాడు. కుంట తండాలో గోరి అనే ఆమె పెట్టిన రొట్టెలు తిన్నారు. తండాలో లారీలకు కర్ర ఎత్తే జట్టుకు ఆమే మేస్త్రి, ఇరవై మందిని నోటి మాటతో నడిపించే మనిషి. ఆ వాకిట్లోనే అనిల్ తన పని ఎలా ఉంటుందో వివరించాడు. ఇది ఒక్క పెద్ద ప్రోగ్రాం కాదు, చిన్న చిన్న సర్వీసులు. తోటల సంగతి చెప్పేది ఒకటి, లారీల సంగతి చెప్పేది ఒకటి, కాటా మీద తూకం చూసేది ఒకటి, మిల్లు గేటు దగ్గర టైము తీసుకునేది ఒకటి. దేని పని దానిది. ఒకదానికి ఏదైనా కావాలంటే ఇంకోదాన్ని అడుగుతుంది, అది జవాబిస్తుంది. ఎలా చేశావని అడగదు. ఒకటి బాగాలేకపోతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు, మిగతావాటికి చెయ్యి తగలనక్కర్లేదు.

"మా పండుగ గూడ గట్లనే," అన్నాడు బొజ్జయ్య. "డోలు కొట్టెటోళ్ల ఇల్లు వేరు, పూజారి ఇల్లు వేరు, ఇత్తనం దెచ్చే ఇల్లు వేరు. డోలు మంట మీద ఎట్ల కాపుతరని పూజారి అడుగడు. కొట్టమంటే కొడ్తరు. ఒకరింట్ల ఒకరు తొంగి చూసుడు లేదు."

హైదరాబాదు పోయాక మా మేనేజరుకు ఇదే మాట చెబుతానని అనిల్ నవ్వాడు. బాగానే ఉంది. కానీ ఆ మాటలోని చివరి ముక్క ఇద్దరూ సరిగ్గా పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథ లేదు.

ప్రతి ఊరికీ కంప్యూటర్లో ఒక పేజీ. అందులో సెలవులకు ఒక గడి. సంత రోజులు, ఉగాది, దసరా వగైరా రాసుకున్నాక ఎర్రబోడులో ఇంకేమన్నా పండుగలున్నాయా అని అనిల్ అడిగాడు. బొజ్జయ్య బొటనవేలు ఉంగరపు వేలి నడిమి కణుపు మీద ఆగిపోయింది.

ఉంది. భూమి పండుగ. అది కానిదే ఎర్రబోడులో ఎవరూ విత్తనం భూమిలో వెయ్యరు. అయితే అది పంచాంగం చూసుకుని వచ్చేది కాదు. ఏ గుంపుకు ఆ గుంపు పెద్దలు కూర్చుని రోజు పెట్టుకుంటారు. పెట్టుకున్న రోజు పెద్దల నోటి నుంచి బయటికి పోకూడదు. ముందు రోజు పొద్దుగూకే వేళ డోలు మోగాకే ఊరికి తెలుస్తుంది. పండుగనాడు మగవాళ్లు వేటకు పోతారు. ముందే రోజు చెప్పుకుంటే అడవిలో జంతువుకు తెలిసిపోతుందని ఎర్రబోడు వాళ్ల నమ్మకం. ఈ రోజుల్లో వేటలో దొరికేది ఆయాసం తప్ప మరోటి కాదు. అయినా కట్టుబాటు కట్టుబాటే.

అప్పటికి ఇంకా పెద్దలు కూర్చోలేదు. "ఇంక తెల్వదు బాబూ," అన్నాడు బొజ్జయ్య, ఉన్నమాటే. అనిల్ ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. మనుషుల్లో తెలియదన్న మాట వేరు, లేదన్న మాట వేరు. ఆ గడిలో మాత్రం తెలియదనే మాటకు చోటు లేదు. ఖాళీగా ఉందంటే పండుగ లేదనే దాని లెక్క.

ఇన్నేళ్లూ ఈ చిక్కు ఎందుకు రాలేదంటే, పండుగ నాడు బొజ్జయ్య చడీచప్పుడు లేకుండా ఎర్రబోడుకు లారీ రాయకుండా ఊరుకునేవాడు. ఎవరూ అడిగేవాళ్లు కాదు, అతను చెప్పేవాడు కాదు. గుట్టు గుట్టుగానే ఉండేది, లారీలు ఇంకో ఊళ్లో నిండేవి.

జూన్‌లో ఒక వారం ప్రోగ్రాంను పరీక్ష చేద్దామనుకున్నారు. ఈ వారం వరుసంతా కంప్యూటరుదే, నువ్వు చెయ్యి పెట్టొద్దు బొజ్జయ్యా అని నిర్మలాదేవి గట్టిగా చెప్పింది. ఈ వయసులో నీకు తిప్పలు తప్పుతాయి అని కూడా అంది. ఆమె ప్రేమగానే అంది. అతనికి మాత్రం ఇంక నువ్వక్కర్లేదన్నట్టు వినిపించింది. అయినా సరేనన్నాడు.

సోమ, మంగళవారాలు పెళ్లి నడిచినట్టు నడిచాయి. మంగళవారం సాయంత్రం ఎర్రబోడు పెద్దలు కూర్చున్నారు. ఆ పెద్దల్లో బొజ్జయ్య ఒకడు, పూజారి సీతయ్య అతనికి సొంత అన్న. గురువారం అని తేల్చారు. బుధవారం పొద్దున బొజ్జయ్య డిపోకొచ్చి చూస్తే, గురువారం ఎర్రబోడుకు అయిదు లారీలని కంప్యూటరు మీద చక్కగా కనపడుతోంది.

పెద్దల మాట ఒకవైపు, అమ్మ మాట ఒకవైపు. బొటనవేలు ఆ కణుపు మీద అరిగిపోయేంత సేపు ఆలోచించి, ఆమె బల్ల దగ్గరికి పోయి, రేపు ఎర్రబోడు బదులు మద్దిగూడెం పంపుదామా అమ్మా అని అడిగాడు. ఎందుకని ఆమె అడిగింది. ఊరికేనే అన్నాడు. చెయ్యి పెట్టొద్దన్నానా అని ఆమె నవ్వి, మళ్లీ తన పనిలో పడింది. పోనీలే, ఒక్క రోజు కర్ర రాదు, అంతేగా అనుకుని అతను వెనక్కొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చేసిన పొరపాటు అదే. ఒక్క రోజు ఒక్క రోజుతో పోతుందనుకున్నాడు.

గురువారం అయిదు లారీలూ ఎర్రబోడు పొలిమేర చేరేసరికి రోడ్డుకు అడ్డంగా వెదురు గడ కట్టి ఉంది. మగవాళ్లందరూ అడవిలో ఉన్నారు. ఆడవాళ్లు పాటలు పాడుతూ లారీలను ఆపి, పండుగ చందా ఇవ్వనిదే కదలనివ్వలేదు. ఇచ్చాకా కదలడానికేముంది, ఎత్తే మనిషే లేడు. ఇద్దరు డ్రైవర్లు ఆటలో కలిశారు. ఒకడు ఇప్పసారా రుచి చూసి లారీ కిందే నిద్రపోయాడు.

ఇక్కడ డిపోలో సర్వీసులు ఒకదాన్నొకటి అడగడం మొదలుపెట్టాయి. లారీలు కాటాకొచ్చాయా? రాలేదు. అయితే మిల్లు గేటు టైము వదులుకోవాలి. వదిలేశాను. అయితే రేపు ఆ లారీలు ఖాళీ ఉండవు. రేపటి తోటలు ఎల్లుండికి జరపాలి. ఎల్లుండివి ఆపై రోజుకు. అబద్ధమాడే తెలివి లేనివి కాబట్టి అన్నీ నిజమే చెప్పుకున్నాయి. సాయంత్రానికి మూడు ఆఫీసుల్లోనూ వారం వరుసంతా ఎర్రగా మారి కూర్చుంది.

నిర్మలాదేవి బొజ్జయ్యను పిలిచింది. గదిలో అనిల్ ఉన్నాడు, నలుగురు డ్రైవర్లున్నారు.

"పండుగని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నిన్న నా ముందే నిలబడి ఊరికేనే అన్నావా? ఈ ప్రోగ్రాం పడిపోవాలనే కదా నువ్వు చెప్పనిది?"

ఎందుకని చెబితే పెద్దల గుట్టు పోతుంది, చెప్పకపోతే బొజ్జయ్య పరువు పోతుంది. అయినా అతన్ని కోసింది ఆ సంకటం కాదు. ముప్పై ఒక్కేళ్లలో తన నోటి నుంచి కుట్ర మాట ఒకటి రాగలదని ఈ పిల్ల అనుకోగలిగింది కదా అన్నదే. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు.

అందరూ మానేస్తాడనుకున్నారు. మర్నాడు ఎనిమిదింటికే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పని మానలేదు, మాట మానేశాడు. అడిగినదానికి జవాబు, అంతకు మించి ఒక్క అక్షరం లేదు. ఇంకోటి కూడా జరిగింది. అనిల్ పిలిచినట్టే అతను కూడా నిర్మలాదేవిని మేడం అని పిలవడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ముక్కు తుడిచిన చేతులతో నమస్కారం పెట్టి మేడం అంటుంటే ఆమెకు ఎలా ఉండేదో ఆమెకే తెలియాలి. తిట్టినా అంత తగిలేది కాదు. కానీ ఆమెదీ బసవపున్నయ్య పౌరుషమే, తన నోటితో దిద్దుకోలేకపోయింది.

ఇంట్లో కన్నమ్మ ఊరుకోలేదు. అలిగి మూడు రోజులుగా ముద్ద సరిగ్గా దిగని మొగుణ్ణి చూసి, మనసుల ఉన్నది మనిషికి చెప్పాలె, గోడకు చెప్తే గోడ తీరుస్తదా అంది. బొజ్జయ్య అటు తిరిగి పడుకున్నాడు.

నాలుగో రోజు అనిల్ అతన్ని టీ కొట్టుకు తీసుకుపోయాడు. తెలివైన కుర్రాడు, ఎందుకు చెప్పలేదని అడగలేదు. మీరు ఏది చెప్పగలరో అది చెప్పండి చాలు అన్నాడు. బొజ్జయ్య గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆలోచించాడు.

"పొద్దుగూకినంక రేపటి ముచ్చట చెప్త. పోవచ్చు, పోవద్దు, గంతే. ఎల్లుండి మాట అడగొద్దు. ఎందుకని అసలే అడగొద్దు."

అనిల్ ముఖం వెలిగింది. సర్వీసు అంటే అదే కదా అన్నాడు. ఇంట్లోకి తొంగి చూడకుండా గడప దగ్గర నిలబడి అడగడం, జవాబు తీసుకుని పోవడం. ఖాళీ గడి పీకేసి ఆ చోట ఇంకో చిన్న సర్వీసు పెడతానన్నాడు. మిగతావాటికి చెయ్యి తగలదు. రోజూ సాయంత్రం ఆరున్నరకు కంప్యూటరే బొజ్జయ్య సెల్లుకు ఫోను చేస్తుంది. రేపు లారీ పోవాల్సిన ఊరి పేరు చెబుతుంది. పోవచ్చంటే ఒకటి నొక్కాలి, వద్దంటే రెండు.

బొజ్జయ్య ఆ ఆదివారం అన్న దగ్గరికి పోయి పర్మిషన్ అడిగాడు. సీతయ్య చుట్ట తీసి ఆలోచించాడు. అడిగేది ఎవరన్నాడు. మిషన్ అన్నాడు తమ్ముడు. ఆ మిషన్‌కు బావమరుదులు గిట్ట ఉన్నరా, పోయి చెప్పుకోనీకె అని అడిగాడు. లేరన్నాడు తమ్ముడు. అయితే డోలు మోగినంక చెప్పుకో, తప్పు లేదు అని పూజారి తీర్పిచ్చాడు.

సర్వీసులన్నింటికీ తెర మీద పేర్లుండేవి. దీనికి అనిల్ బొజ్జయ్య అని రాసేశాడు. డిపోలో కరెంటు పోయినా, ఇన్వర్టరు నీరసపడినా ఆరున్నరకు ఫోను మాత్రం తప్పేది కాదు. అందులో వినిపించేది అనిల్ గొంతే కాబట్టి మొదటి రోజు బొజ్జయ్య, తిన్నవా బాబూ అని అడిగాడు. అది పట్టించుకోకుండా మద్దిగూడెం అంది. మరీ ఇంత పొగరా అనుకుంటూ ఒకటి నొక్కాడు.

ఒక్కటి మాత్రం అతనికి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. బొజ్జయ్య రెండు నొక్కిన ఊరు తెర మీద ఎర్రగా వస్తుంది కదా, దాని పక్కన యజమాని కోసం ఒక బటన్ పెట్టారు. దాని మీద "అయినా పంపు" అని రాసుంది. నిర్మలాదేవే అడిగి పెట్టించుకుంది. అంటే నా మాట పైన ఇంకో మాట అన్నమాట అనుకున్నాడు బొజ్జయ్య. అనుకుని, మేడం అనే మాటను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. నెలన్నర అలాగే గడిచింది. రోజూ ఒకట్లు, ఎప్పుడో ఒక రెండు. ఆ బటన్ నొక్కే అవసరం ఆమెకు రాలేదు.

ఆగస్టులో వారం రోజులు ఎడతెగని వానలు పడ్డాయి. తర్వాత మూడు రోజులు ఎండ కాసింది. దారులు ఆరాయి. కుంట తండాలో ఎనిమిది లారీల కర్ర నరికి, వొలిచి రోడ్డు పక్కన పేర్చి ఉంది. మర్నాటికి మిల్లు గేటులో ఎనిమిదింటికీ టైము దొరికింది. ఎల్లుండి నుంచి మళ్లీ వానలని రేడియోలో చెప్పారు. రేపు ఎత్తకపోతే ఆ కర్ర ఎప్పటికి కదులుతుందో దేవుడికే తెలుసు. అందుకే ఆ సాయంత్రం నిర్మలాదేవి స్వయంగా కంప్యూటరు ముందు కూర్చుంది. నెలాఖరు పని మీద వచ్చిన అనిల్ పక్కనే నిలబడ్డాడు. బొజ్జయ్య కిటికీ దగ్గర స్టూలు మీద ఉన్నాడు.

ఆరున్నరకు అతని సెల్లు మోగింది. మద్దిగూడెం, ఒకటి. ఇంకో రెండు ఊళ్లకు ఒకట్లు. కుంట తండా అంది ఫోను. బొజ్జయ్య రెండు నొక్కాడు.

తెర మీద ఎనిమిది లారీలూ ఎర్రగా వచ్చాయి. అనిల్ కంగారు పడ్డాడు. దారి ఆరింది, రేపు సంత కాదు, తండావాళ్ల పండుగ కూడా ఇప్పుడు లేదు, పొరపాటున నొక్కారేమో మేడం అన్నాడు. ఎందుకో ఒక్కసారి అడుగుదామా అని గొంతు తగ్గించాడు. బొజ్జయ్యకు అన్నీ వినపడ్డాయి. తనంతట తాను నోరు తెరవకూడదనుకున్నాడు. అడగడం వాళ్ల వంతు కాదు, చెప్పడం తన వంతు కాదు. ఒప్పందం అదే కదా. ఆమె చెయ్యి మౌసు మీదికి పోవడం చూశాడు. బాణం గుర్తు మెల్లగా జరిగి "అయినా పంపు" మీద ఆగింది. నొక్కితే నొక్కనీ అనుకున్నాడు గానీ గుండె మాత్రం అలా అనుకోలేదు.

నిర్మలాదేవి తల తిప్పి అతని ముఖం కేసి కాదు, ఎడమ చేతి కేసి చూసింది. బొటనవేలు చిటికెనవేలి నడిమి కణుపు మీద ఆనించి ఉంది. ఎప్పుడూ నడిచే వేలు కదలకుండా, గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కుకుని ఉంది. బొజ్జయ్యకు అప్పుడు కనపడింది. ఆమె ఎడమ చెయ్యి బల్ల మీద ఉంది. ఆమె బొటనవేలు తనకు తెలియకుండానే తన చిటికెనవేలి నడిమి కణుపు మీదికి పోయి ఆగింది. సైకిలు కడ్డీ మీద కూర్చుని ఇదేం ఊరని అడిగిన పిల్ల చెయ్యే అది.

ఆమె మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

"అనిల్, ఈ బటన్ తీసెయ్యి."

అతను అర్థం కాక, ఎప్పుడన్నా అవసరం పడుతుందేమో మేడం అన్నాడు.

"పడదు. బొజ్జయ్య వద్దన్నాడంటే వద్దనే. ఆ రోజూ అలాగే వినాల్సింది. ఊరికేనే అంటూ నా దగ్గరికొచ్చి చెప్పాడు, నేనే వినలేదు."

ఎందుకని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టే బొజ్జయ్యకు చెప్పాలనిపించింది.

"గోరి పెనిమిటి పోయిండమ్మా," అన్నాడు. "అయిదింటికి ఫోన్ చేసింది. నాకొక్కనికే."

నిర్మలాదేవి కళ్లు తుడుచుకుంది. అది గోరి కోసమో, నెలన్నర తర్వాత వినిపించిన ఆ అమ్మా అన్న పిలుపు కోసమో, రెండింటికోసమో. కాసేపటికి లేచి, పొద్దున జీపు తియ్యమని చెప్పు, మనిద్దరం తండాకు పోదాం అంది. కర్ర తడిస్తే తడవనీ అని కూడా అంది.

బొజ్జయ్య సెల్లు జేబులో పెట్టుకుని లేచాడు.

"ఆరింటికల్ల వస్త పాపా," అన్నాడు.